నొగమీది బరువు



నాగలి పట్టిన వంశములో పుట్టి, చదువు పేరిట సముద్రములు దాటి వచ్చి, ఇరువది సంవత్సరములు కంప్యూటరు ముందు కూర్చుండి జీతము పుచ్చుకొన్న పిమ్మట, ఏ పూర్వవాసన మేలుకొనెనో గాని, డాలస్ మహానగరమునకు ఉత్తరముగా, షెర్మన్ పట్టణమునకు తూర్పున, పది యెకరముల నల్లరేగడి కొని, ఆ నేలకు తగిన చిన్న ట్రాక్టరు నొకదానిని కొని, దానిని ఇంటినుండి పొలమునకును పొలమునుండి ఇంటికిని మోసికొనిపోవుటకై ఒక ట్రైలరును కొనబోయి భంగపడిన వాని యనుభవమును ఈ రాత్రి మీకు వినిపింపవలసినదిగా ఈ కార్యక్రమ నిర్వాహకులు నన్ను కోరినారు. టెక్సాసులో ఇటీవల నాబోటివారు నలుగురైదుగురు నాకే తెలిసియున్నారు కనుక, చెప్పుట నిరుపయోగము కాదని తలచి ఒప్పుకొంటిని.

ఈ సంగతి మా యూరికి ఫోనులో చెప్పినప్పుడు మా మేనమామ చాలసేపు నవ్వెను. ఆయన ఎరిగినంతవరకు ట్రాక్టరు బండిని లాగును గాని, బండి ట్రాక్టరును మోయుట ఎక్కడను లేదు. నరసరావుపేట ప్రాంతమున ట్రాక్టరు వెనుక ట్రక్కు తగిలించి ధాన్యము, పత్తి, మిరపకాయ, ఇసుక, కడకు పెండ్లివారినిసైతము చేరవేయుదురు. పొద్దు క్రుంకునప్పటికి ఆ ట్రాక్టరు తన కాళ్లమీద తానే ఇల్లు చేరును. “తోలుకొని రారాదుట్రా?” అని ఆయన ప్రశ్న. మా యింటికిని పొలమునకును నడుమ నలువది మైళ్లు. గంటకు పదునైదు మైళ్లు మించి నడవలేని యంత్రమును, డెబ్బది మైళ్ల వేగమున లారీలు పోవు రహదారిమీదికి తోలుకొని వచ్చుట బ్రదుకుమీద ఆశ గలవాడు చేయవలసిన పని కాదు. పొలములోనే వదలి వత్తమన్న అచట కొట్టము లేదు. తాళపుచెవి లేకున్నను ట్రాక్టరు తోలుకొనిపోగల ప్రజ్ఞావంతులు ఏ దేశమందైనను గలరు.

ఇక బరువు లెక్కకు వత్తము. నేను చేసిన మొదటి తప్పు అచటనే యున్నది. ఇరువదియైదు అశ్వశక్తి గల ఈ తరగతి ట్రాక్టరు బరువు సుమారు 2,600 పౌన్లని అంగడివారిచ్చిన పుస్తకములో అచ్చు వేసియుండెను. నేను ఆ యంకెను నమ్మితిని. అది అబద్ధమును కాదు. అయితే పెండ్లికుమార్తె తూకము వేరు, నగలతోడి తూకము వేరు. ట్రాక్టరుకు ముందుండి మట్టి ఎత్తు లోడరును దాని తొట్టియు కలిసి దగ్గరదగ్గర 1,000 పౌన్లు. గడ్డియు ముండ్లపొదలును కోయుటకు వెనుక తగిలించు అయిదడుగుల ష్రెడ్డరు 600. నేల పట్టుకొరకు వెనుక చక్రములలో ద్రవము నింపింతురు. చక్రము ఒక్కింటికి 300 చొప్పున మరి 600. గొలుసులు, డీజిలు డబ్బాలు, పనిముట్ల పెట్టె, ఇవి అన్నియు కలిసి ఒక 200. కూడి చూడుడు: 5,000 పౌన్లు. మన లెక్కలో చెప్పవలెనన్న, 75 కిలోల ధాన్యపు బస్తాలు ముప్పదింటిని ఒక్కమారుగా బండికెత్తినట్లు. పుస్తకములోని యంకెకు ఇది ఇంచుమించు రెట్టింపు.

రెండవ తప్పు అంతకంటె సూక్ష్మమైనది. నాకు బండి అమ్మినవాడు “ఇది ఏడువేల బండి” అనెను. ఏడువేల పౌన్లు మోయునని నేను గ్రహించితిని. ఇంటికి వచ్చి, బండి ముందుభాగమున చట్రమునకు బిగించిన రేకును చదివినప్పుడు గాని, ఆ 7,000 అను అంకె బండి మోయు బరువు కాదనియు, బండియు దానిమీది సరకును కలిసి తూగదగిన మొత్తమనియు తెలియలేదు. జీవీడబ్ల్యూఆర్ అని యీ దేశమువారు పిలుచు పరిమితి ఇదియే. ఒక్కొక్కటి 3,500 పౌన్లు భరించు ఇరుసులు రెండు, బండి తన సొంత బరువు 2,100, మిగిలినది 4,900. నా మూట 5,000. నూరు పౌన్లు అధికము. నూరే కదా యని సమాధానపడితిని. బేరములో మోసపోయినవాడు తన్ను తాను ఓదార్చుకొనుటలో చూపు నేర్పు బేరములో చూపియున్నచో ఈ ప్రసంగమునకు అవసరమే యుండదు.

మా నాయనగారు అట్లు సమాధానపడెడివారు కారు. మాకు ఒక జత ఎడ్లును, ఒక చెక్కబండియు నుండెడివి. కోతలైన పిదప ధాన్యపు బస్తాలు బండికి వేసినప్పుడు, ఎడ్లను పూన్పక ముందే ఆయన నొగ చివర కాడి వద్ద నిలిచి, రెండు చేతులతో దానిని పట్టి ఒకమారు లేపి, ఒకమారు దించి చూచెడివారు. మరీ బరువుగ తోచిన “ముందు మొగ్గెక్కువైనది, ఎడ్ల మెడలు కదుములు కట్టును” అని రెండు బస్తాలు వెనుకకు జరిపించెడివారు. చేతికి తేలికగ లేచిపోయిన ముఖము చిట్లించి, “వెనుక మొగ్గురా, ఇది మరీ చెడ్డది” అని మూడు బస్తాలు ముందుకు లాగించెడివారు. వెనుక మొగ్గైన కాడి పైకి లేచి పలుపు ఎద్దుల గొంతును నొక్కును. దిగుడు బాటలో బండి తోక అటునిటు ఊగి ఎద్దులనే ప్రక్కకు ఈడ్చును. ముందు మొగ్గు ఎడ్లకు బాధ, వెనుక మొగ్గు మనుష్యులకు అపాయము అని ఆయన యెరుగుదురు. ఆయన బడికి పోయినది మూడవ తరగతి వరకు.

ఈ దేశమున ట్రైలరు నొగను నాలుక యందురు, టంగ్ అని. ఆ నాలుకపై పడు బరువు, అనగా లాగు వాహనము వీపున ఆనెడి బరువు, మొత్తములో నూటికి పది మొదలు పదునైదు పాళ్లు ఉండవలెనని ట్రైలరు చేయువారందరును పుస్తకములలో వ్రాయుదురు. మా నాయనగారు రెండు చేతులతో కొలిచినది ఈ పాళ్లనే. నేను ఆ పుస్తకమును చదివితిని గాని, నొగను మాత్రము లేపి చూడలేదు.

నేను కొన్న బండి పొడవు పదునారడుగులు. లోడరు తొట్టి కొనమొదలు ష్రెడ్డరు తోకచక్రము వరకు మా ట్రాక్టరు పొడవు పదునెనిమిది అడుగులు. ముందు కమ్మికి తొట్టి తగులువరకు ట్రాక్టరును ఎక్కించినను ష్రెడ్డరు వెనుకకు రెండడుగులు వ్రేలాడుచునే యుండెను. కంటికి అది పెద్ద లోపముగ తోచలేదు. అసలు లోపము కంటికి కనబడనిది: నీరు నిండిన వెనుక చక్రములు, అనగా ట్రాక్టరు బరువులో పెద్దపాలు, బండి ఇరుసులకు వెనుకగా పడినవి. అచ్చమైన వెనుక మొగ్గు.

82వ నంబరు రహదారిపై, ఒక దిగుడులో, గంటకు అరువది మైళ్ల వేగమున పోవుచుండగా, పెద్ద లారీ యొకటి నన్ను దాటిపోయెను. దాని గాలి విసురుకు ట్రైలరు ఒకమారు కుడికి కదలెను. పిదప ఎడమకు. పిదప మరికొంత ఎక్కువగ కుడికి. వెనుక అద్దములో చూచినచో ఒకప్పుడు ట్రాక్టరు ఎడమ చక్రమును, ఒకప్పుడు కుడి చక్రమును కనబడుచుండెను. పికప్పు వెనుకభాగమును ఎవరో పట్టి గుంజుచున్నట్లుండెను. అట్టి సమయమున కాలు తనంతట తాను బ్రేకుమీదికి పోవును. పోనీయరాదు. పికప్పు నెమ్మదించి, ట్రైలరు నెమ్మదింపకున్నచో, వెనుకనున్న ఏడువేల పౌన్లు ముందున్న వాహనమును ప్రక్కకు త్రోయును. నా యదృష్టమున, బ్రేకు కంట్రోలరు బిగించిన కుఱ్ఱవాడు దాని మీది చిన్న మీటను చూపి, బండి ఊగినప్పుడు దీనిని చేతితో నొక్కుమని చెప్పియుండెను. యాక్సిలరేటరుపైనుండి కాలు తీసి, స్టీరింగు చక్రమును తిన్నగ పట్టుకొని, ఆ మీటను నొక్కితిని. ట్రైలరు బ్రేకులు మాత్రము పట్టుకొని బండి తోకను వెనుకకు లాగినట్లు సరిచేసినవి. రోడ్డు ప్రక్కకు చేర్చి దిగినప్పుడు మోకాళ్లలో సత్తువ లేదు. ప్రక్కన కూర్చున్న మా యావిడ చాలసేపటికి ఒకే మాట యనెను: “మామయ్యగారు చూచియుంటే కొట్టేవారు.”

మరునాడు లారీలు ఆగు మజిలీలోని తూనికవేదికకు పోయితిని. క్యాట్ స్కేల్ అను ఈ వేదికలు జాతీయ రహదారుల పొడవున కలవు. వాహనపు ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలరు ఇరుసులు వేరువేరు పలకలపై నిలిచి, మూడు అంకెలును విడివిడిగ కాగితముమీద అచ్చయి వచ్చును. ముందు ట్రైలరుతో తూచి, పిదప దానిని విప్పి పికప్పును మాత్రము తూచిన, పికప్పు బరువులో వచ్చు భేదమే నొగమీది బరువు. మొత్తము 7,100 పౌన్లకు నాలుకపై ఆనినది 280. నూటికి నాలుగు పాళ్లు. ట్రాక్టరు కొనదలచినవారికి నేను మొట్టమొదట చెప్పునది ఈ తూనిక సంగతియే. నలుగురి సలహాలు నాలుగు విధములుగ నుండును గాని ఆ కాగితము ఒకటే మాట చెప్పును.

రెండవ బండిని కొనునప్పుడు ఆరునెలలు తిరిగితిని. ఈ మారు రేకు చదువనిదే అంగడివానితో మాటాడలేదు. ఇరుసులు ఒక్కొక్కటి 5,200 పౌన్లు భరించునవి రెండు. బండి సొంత బరువు 2,800. రేకుమీద వ్రాసిన మొత్తము 9,990. పదివేలు అని గుండుగ వేయక పది పౌన్లు తగ్గించి వ్రాయుట మొదట నాకు వింతగ తోచెను. బాటా చెప్పుల ధరవలె నిది యేదో కిటుకు అనుకొంటిని. కిటుకే గాని వేరు విధమైనది: వ్యాపారార్థము తిరుగు వాహనములకు సమాఖ్య ప్రభుత్వపు నిబంధనలు 10,001 పౌన్ల వద్ద ఆరంభమగును, పెద్ద లారీ తోలువారి లైసెన్సు లెక్కలోను ట్రైలరు పదివేలు దాటుట యొక మెట్టు. ఆ గడప త్రొక్కకుండుటకై ఇరుసులకు శక్తి యున్నను రేకుపై 9,990 అని కొట్టుదురు. సొంత పొలమునకు సొంత ట్రాక్టరును కొనిపోవువారికి ఇదియంతయు అంతగ పట్టదు గాని, తమ్ముడి స్నేహితుని పొలము కూలికి దున్నిపెట్టుదమను ఆలోచన గలవారు ముందే విచారించుకొనుట మంచిది.

పొడవు ఇరువది అడుగులు. దీనితో ట్రాక్టరును ముందునకును వెనుకకును జరుపుటకు చోటు దొరకినది. మొగ్గు దిద్దుకొనుటకు చోటు కావలెను, బస్తాలవలె ట్రాక్టరును ముక్కలుగ జరుపలేము గదా. ఒక అడుగు ముందుకు, తూనిక. అర అడుగు వెనుకకు, మరల తూనిక. మూడవ మారు 7,800 మొత్తమునకు నాలుకపై 980 వచ్చెను. నూటికి పన్నెండున్నర. చక్రములు నిలిచిన చోట బండి పలకమీద తెల్లరంగుతో గీతలు గీచి ఉంచితిని. నేటికిని ట్రాక్టరును ఆ గీతలపైననే నిలుపుదును.

అయితే ఈ 980 పౌన్లు గాలిలో కలిసిపోవునవి కావు. పికప్పు వీపున పడునవి. పికప్పు తలుపు తెరచిన, తోలువాని వైపు స్తంభముమీద పసుపు తెలుపుల చీటీ యొకటి అంటించియుండును. మనుష్యులు, సామాను కలిసి ఇంతకు మించరాదని అందులో వ్రాసియుండును. మా దానిమీద 1,600. నొగబరువు తీసివేయగా మిగిలినది 620. అందులో నేను, మా యావిడ, కొక్కెపు దిమ్మ, అన్నపు క్యారియరు. ఇంకొక ఇద్దరు బంధువులు పొలము చూడవత్తురన్న నేను చుట్టరికము చూడను, వేరు కారులో రండనుచుందును. కొక్కెము దోపు దూలముమీదను దాని పరిమితి చెక్కియుండును. అది చదువుటకు మోకాళ్లమీద వంగవలెను, బట్టలు మాయును, కనుకనే చాలమంది చదువరు.

కొక్కెము సంగతి వచ్చినది గనుక ఒక మాట. ట్రైలరు గిన్నె కూర్చుండు ఇనుప బంతి రెండంగుళములదని కొన్ని, రెండుంబావు దాటి ఒక వీసమెత్తు పెద్దది, అనగా 2 5/16 అంగుళములదని కొన్ని. కంటికి రెండును ఒక్కటే. పెద్ద గిన్నె చిన్న బంతిపై చక్కగ కూర్చున్నట్లే కనబడి, మీట కూడ పడి, మొదటి గతుకులో లేచి ఊడిపోవును. బంతి నెత్తిన కొలత అచ్చొత్తియుండును. తుడిచి చదువుడు.

ట్రాక్టరును ఎక్కించు విధమును బట్టి బండ్లు పలురకములు. పలక చక్రములకు పైగా నుండి 102 అంగుళముల పూర్తి వెడల్పు గలది ఒకటి. చక్రపు కప్పుల నడుమ పలక ఇమిడి 83 అంగుళముల వెడల్పు గలది మరొకటి. మొదటిది వెడల్పు గాని ఎత్తు. పైనున్న ట్రాక్టరు బరువు ఆకాశమున నున్నట్లు తోచును, ఎక్కు మెట్టును నిలువుగ నుండును. చిన్న ట్రాక్టరుకు రెండవదియే సుఖము. మొత్తము పలకయే వంగి నేలకు తాకు జాతి ఒకటి కలదు. దానిపై ఎక్కుట గుడిమెట్లు ఎక్కినంత సులువు, వెల మాత్రము ఎక్కువ. తోటపనివారు వాడు వల తలుపు బండి చూచుటకు చక్కగ నుండును గాని రెండు టన్నుల ట్రాక్టరును మోయుటకు ఆ తలుపు పుట్టలేదు. నాది వెనుకభాగము కొంత వాలియుండి, నిలువుగ లేచియుండు రెండు ఇనుప నిచ్చెనలు గలది. ఎక్కించునప్పుడు నిచ్చెనల క్రింద, బండి తోకకు ఆనుడుదిమ్మలు పెట్టవలెను. లేనిచో వెనుక చక్రములు నిచ్చెనమీదికి రాగానే బండి తోక క్రుంగి, పికప్పు వెనుక చక్రములు నేల విడచి లేచును. వానకు తడిసిన పలకమీద ఎక్కింపకుడు. నేలమట్టము కాని చోట ఎక్కింపకుడు. ట్రాక్టరు బెల్టు కట్టుకొని, తొట్టి నేలకు జానెడెత్తున నుంచుకొని, నాలుగు చక్రముల పట్టు వేసికొని ఎక్కుడు.

బ్రేకుల విషయమున బేరము లేదు. టెక్సాసు శాసనము మొత్తము 4,500 పౌన్లు దాటిన ట్రైలరుకు బ్రేకులు కావలెననుచున్నది. ముప్పది మైళ్ల లోపు వేగమున లాగు మధ్యతరగతి బండ్లకు ఒక మినహాయింపు గలదు గాని అది మనకు పనికిరాదు. రెండు ఇరుసులకును విద్యుత్ బ్రేకులు ఉండవలెను. బండి తెగిపోయినచో తనంతట తాను బ్రేకు పట్టించు చిన్న బ్యాటరీ పెట్టె ఉండవలెను. పాత బండ్లలో ఆ బ్యాటరీ చచ్చియుండును. పిన్ను లాగి పరీక్షించి గాని డబ్బు ఈయకుడు.

గొలుసులు. పట్టీలతో కట్టువారు గలరు, నేను కట్టను. డెబ్బదవ తరగతి గొలుసు, బంగారు పూత వన్నెలో మెఱయునది, 5/16 అంగుళపు లావు గలది, ఒక్కొక్కటి 4,700 పౌన్ల పనిభారమును ఓర్చును. సరకు బరువులో సగమునకు తగ్గని బలము కట్టులకు ఉండవలెనని సమాఖ్య నియమము. పదివేల పౌన్లు తూగు యంత్రములకు నాలుగు కట్టులు విధి. నా ట్రాక్టరు బరువు అంత లేదు గనుక ఆ విధి దానికి వర్తింపదు. శాసనము తృప్తిపడినంత మాత్రమున ట్రాక్టరు తృప్తిపడదు: రెండు ముందుకు లాగునట్లు, రెండు వెనుకకు లాగునట్లు, నాలుగు మూలల కట్టుదును, ష్రెడ్డరుకు వేరుగ ఐదవది. తొట్టిని పలకమీదికి దించి నొక్కియుంచుదును. బిగించుటకు పొడుగు మీట బిగింపులు చౌక. విప్పునప్పుడు అవి ఎగిరి దవడ పగులగొట్టినవని వింటిని, పంటిమీద ఒకటి తగిలినవానిని చూచితిని. రాట్చెట్టు బిగింపులు కొంత వెల, కొంత ఆలస్యము, పండ్లు భద్రము. బయలుదేరిన అయిదారు మైళ్లకు ఆగి మరల ఒకమారు బిగింపవలెను. టైర్లు కుదురుకొని గొలుసులు వదులగును.

టైర్ల విషయమొకటి చెప్పి ముగింతును. ట్రైలరు టైర్లు అరిగి చచ్చుట అరుదు. ఎండలో నిలిచి పగిలి చచ్చును. టెక్సాసు ఎండ మన రోహిణికార్తెకు తీసిపోదు. గాట్లు నిండుగ నున్నను ప్రక్కలందు వెంట్రుకవాసి బీటలు గానవచ్చిన ఆ టైరు మీద ప్రయాణము చేయరాదు. వేగపు హద్దును కొన్ని టైర్లమీదనే వ్రాసియుండును. వ్రాయనిచో 65 మైళ్లని లెక్క. వెనుకవారు హారను కొట్టనిండు.

పాత బండిని క్రిందటి అక్టోబరులో అమ్మివేసితిని. కొనవచ్చినవాడు పల్లెటూరి పెద్దమనిషి, తేనెటీగలు పెంచువాడు. రేకు చూపి, ఇది ఏడువేలు మోయదు, మోయునది 4,900 అని నేనే ముందు చెప్పితిని. తనకు తేనెపెట్టెలే గాని ట్రాక్టరు లేదని ఆయన చెప్పెను. పిదప ఏమియు అడుగక, బండి ముందునకు పోయి, వంగి, నొగను రెండు చేతులతో పట్టి ఒకమారు లేపి, ఒకమారు దించి చూచెను. నేను చూచుచుంటిని. లేచి చేతులు దులుపుకొని, జాకీ తుప్పుపట్టినది, యాబది డాలర్లు తగ్గింపుమనెను. తగ్గించితిని.